టీవీ యూనిట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టీవీ యూనిట్ గారికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ సెట్‌టాప్ బాక్స్ కుర్రాడు తన పెట్టెను తమరి నెత్తిమీద బర్రున లాగి వెళ్ళాక తమరు కుశలంగా లేరు. తమరికి వైద్యం చేద్దామని ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చున్నాక నేనూ కుశలంగా లేను.

కొన్నప్పుడు షాపాయన తాళంచెవితో గీకి మరీ చూపించాడు, "చూశారా సార్, గీత పడదు" అని. నిజంగానే పడలేదు. ఆ రోషం షాపులోనే వదిలేసి వచ్చారు కాబోలు.

తమరి వంశం నాకు తెలియనిది కాదు. లోపలంతా చెక్కపొట్టు, జిగురు. పైన మెలమైన్ అనే గట్టిపడే జిగురులో తడిపి, వేడిమీద నొక్కి అతికించిన కాగితం. చెక్క చారలు, ముళ్ళు అన్నీ ఆ కాగితం మీద అచ్చువేసినవే. అందుకే ఉప్పుకాగితం పెట్టి రుద్దకూడదు. రుద్దితే గీతతో పాటు చెట్టు కూడా పోతుంది.

పక్కింటి పిన్నిగారు అక్రోటు పప్పుతో రుద్దమన్నారు. నిజం చెక్కయితే ఆ నూనె పీల్చుకుని గీత కాస్త మరుగున పడేది. తమరు నూనె పీల్చే రకం కాదు కదా! నేను తుడిచేలోపు చీమలు మాత్రం వచ్చాయి. టూత్‌పేస్ట్ రాయమన్న వీడియో వాళ్ళకి విడిగా ఉత్తరం రాస్తాను.

ఇవన్నీ క్షమిస్తాను. రంగు సంగతే నావల్ల కావడం లేదు.

బిల్లులో మీ రంగు వాల్‌నట్. ఆన్‌లైన్లో తెప్పించిన మైనం కడ్డీ వాల్‌నట్. టచప్ పెన్ను కూడా వాల్‌నట్టే. పక్కపక్కన పెడితే ఒకరి మొహం ఒకరికి తెలియదు. గీతలో మైనం కూరి, పాత ఏటీఎం కార్డు అంచుతో చదును చేశాను. వేలు పెట్టి చూస్తే గీత తగలడం లేదు, ఆ పని మాత్రం బానే కుదిరింది. కానీ కంటికి? పాలెక్కువైన టీ ఒలికినట్టుంది. దాన్ని కప్పుదామని, లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు వెళ్ళాలన్నారు కదా అని, సెట్టులో అన్నిటికంటే లేత పెన్ను తీశాను. ఆ లేతే నల్లగా పడింది! పగలు కిటికీ వెలుతురులో నలుపు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఎరుపు. ఇప్పుడు గుమ్మంలోంచే కనిపిస్తోంది.

పూర్ణా మార్కెట్ దగ్గర పెయింట్ షాపుకి పోతే, "షేడ్ నంబర్ చెప్పండి" అన్నారు. సరే, మిమ్మల్ని గోడ నుంచి జరిపి, టార్చి వేసి వెతికాను. వెనక అట్ట, సగం ఊడిన మేకులు, ఒక సాలెగూడు. నంబరు లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశామన్నారు. అసలు ఆ నంబరు రాసి ఒక స్టిక్కర్ అంటించడానికి మీ పుట్టింటివాళ్ళ సొమ్మేం పోయింది? డెలివరీ కుర్రాళ్ళకి రేటింగ్ ఇమ్మని నాలుగు మెసేజీలు పంపడానికి తీరికుంది గానీ, నీ రంగేంటో చెప్పడానికి లేదా? నీకో పేరూ ఊరూ లేవా?

మా అమ్మ టేకు బీరువా 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు నిలువునా తడిసింది. ఆరబెట్టి పాలిష్ పట్టిస్తే ఇప్పటికీ చీరలు మోస్తోంది. నీకు కడవ నీళ్ళక్కర్లేదు, విశాఖ గాలి చాలు. గీతలోంచి తేమ దిగిందా, పొట్టు ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ దిగదు. లేకపోతే ఆ మైనం ఎప్పుడో గీకి పారేసేవాణ్ణి.

ఇట్లు,
నీ వాయిదాలు ఇంకా కడుతున్నవాడు

తా.క.: ఇల్లు తుడిచే నీళ్ళు తగలకుండా నీ కాళ్ళకి రబ్బరు బుష్షులు వేశాను. అంతమాత్రాన రాజీ అనుకోకు.