అలసిపోయే ఇంజన్ కావాలి

రైల్వే వారికి ఒక విన్నపం. వేగం చాలు. ఇక కాస్త అలసిపోయే ఇంజన్ కనిపెట్టండి. విజయవాడలో బయల్దేరి మద్రాసు చేరేలోపు, ఇంచుమించు సగం దారిలో, ‘ఇక నావల్ల కాదు’ అని చతికిలబడే ఇంజనైతే మరీ మంచిది. ఆ సగం దారిలోనే నెల్లూరు జిల్లా బిట్రగుంట ఉంది. ఒకప్పుడు ఆ ఊరు బతికిందే ఇంజన్ల ఆయాసం మీద.

ఆవిరి ఇంజనంటే కొత్త అల్లుడు. చివరి తరం పెద్ద ఇంజన్లయితే పాతిక వేల లీటర్ల నీళ్లు, టన్నులకొద్దీ బొగ్గు వెంటబెట్టుకుని బయల్దేరేవి. అయినా కొంత దూరం పోయేసరికి నడుం వాలుస్తాననేవి. దిగగానే బూడిద దులపాలి, నీళ్లు పట్టాలి, నట్లు బిగించాలి, టర్న్‌టేబుల్ ఎక్కించి మొహం వచ్చినవైపు తిప్పాలి. ఈ మర్యాదలకే బిట్రగుంటలో అంత పెద్ద లోకోషెడ్డు. షెడ్డు కోసం క్వార్టర్లు, క్వార్టర్ల కోసం మిగతావన్నీ. ఆంగ్లో ఇండియన్ దొరల సాయంత్రాలు గడవాలి కనుక ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బు ఒకటి. పేరులోనే గుంట ఉన్న ఊరికి దాహమేసే ఇంజన్ రావడం దైవ నిర్ణయం కాక మరేమిటి?

అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి డ్రైవరుగారి తలుపు కొడితే వీధి వీధంతా లేచి కూర్చునేది. ఆయన పుస్తకంలో సంతకం పెట్టి డ్యూటీకి పోయేవాడు. ఏ బండికి ఎవరు ఎక్కారో పక్కింటావిడకు టైంటేబుల్ కంటే ముందే తెలిసేది. ఉతికిన తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి లాయరు కోటయ్యేది. నల్లగా ఉన్నవాడికి నెలజీతం ఉందని లెక్క. తెల్లటి చొక్కాతో తిరిగేవాడికి పిల్లనివ్వాలంటే రెండుసార్లు ఆలోచించేవారు.

తర్వాత దేశం అభివృద్ధి చెందింది. డీజిల్ వచ్చింది. 1980 నాటికి విజయవాడ–మద్రాసు లైనంతా కరెంటు వచ్చేసింది. కరెంటు ఇంజన్ మహా నిష్ఠాపరురాలు, పరాయి ఊళ్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ‘ఇంకోసారి వస్తాలెండి’ అంటూ గుమ్మం ముందు నుంచే దూసుకుపోయే చుట్టం. ఒకనాడు మనం ఇంజన్ మొహం తిప్పేవాళ్లం, ఇప్పుడు అదే మొహం తిప్పుకుని పోతోంది. ఆ మధ్య డ్రైవరు పేరు కూడా మార్చి లోకో పైలట్ అన్నారు. పైలట్ అన్నాక మధ్యలో దిగడు కదా!

దీన్ని పతనం అనేవాళ్లు అభివృద్ధి గిట్టనివాళ్లు. బిట్రగుంట గాలి ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూడండి. ఆ గాలి పీల్చాల్సిన కుర్రాళ్లు చెన్నైలోనూ బెంగళూరులోనూ ఉన్నారంటే, అది గాలి తప్పు కాదు.

పైగా ఊరి గురించి పైవాళ్లు పట్టించుకోలేదనడం అన్యాయం. మొదట మన పెద్దాఫీసు మద్రాసు. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టి సికింద్రాబాద్ అయింది. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. అర్జీ పెట్టుకోవడానికి ఒక ఊరికి ఇన్ని దిక్కులు చూపించిన వ్యవస్థ ఇంకెక్కడుంది? ఈ లెక్కన మన అర్జీ ఏ ఇంజనూ తిరగనన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. దానికి మాత్రం ఏ షెడ్డులోనూ నీళ్లు పట్టినవాడు లేడు.

రైల్వే స్థలానికైతే కొదవే లేదు. ఎన్నికలొస్తే అందులో ఫ్యాక్టరీలు మొలుస్తాయి, ఫలితాలు రాగానే ఎండిపోతాయి. ఏ ఎరువూ వేయకుండా, ఏ హామీ ఇవ్వకుండా ఏపుగా పెరుగుతున్నది ఒక్క సర్కారు తుమ్మే. సర్కారు పేరు నిలబెడుతున్నదీ అదే.

ఇక విజయవాడ–గూడూరు మధ్య మూడో లైను. ఆగకుండా పోవడానికి రెండు లైన్లు చాలలేదన్నమాట. మన ఊరి పేరు బోర్డు మీద పెట్టుకుని తిరిగే రైళ్లు కూడా లేకపోలేదు, విజయవాడకు ఒకటి, చెన్నైకి ఒకటి. లైను మీద పనులుంటే ఆ ఒకటి రెండే ముందు రద్దవుతుంటాయి. త్యాగానికి అలవాటుపడ్డ ఊరు కదా అని కాబోలు.

2023 ఏప్రిల్ నుంచి వందేభారత్ కూడా మన మీదుగానే పోతోంది. ఒంగోలులో ఆగుతుంది, నెల్లూరులో ఆగుతుంది. దానికి విడిగా ఇంజనే ఉండదట, ఇక అలసట అనే ప్రసక్తే లేదు. కొండబిట్రగుంటలో వెంకన్న పేరే ప్రసన్న వెంకటేశ్వరుడు. ఆయన ప్రసన్నంగానే ఉన్నాడు, టైంటేబుల్ ఆయన చేతిలో లేదు.

కనుక అలసిపోయే ఇంజన్ తయారయ్యేదాకా, కనీసం దాహమేసే లోకో పైలట్‌నైనా ఈ లైన్లో వేయండి. స్టేషన్ బయట టీ కొట్టు ఉంది. ఊళ్లో ఇంకా ఆవిరి పుడుతున్నది అక్కడే.