రాతి మీద రంగు డబ్బా

గండికోట అంచున నిలబడి పెన్నా లోయను చూద్దామంటే ముందు కనిపించేది పేర్లు. ఎర్రమల కొండలను కోసుకుంటూ నది సాగిన చోటు అది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. ఎవరో పలకలు కోసి వరుసగా పేర్చినట్టు ఉంటుంది. సాయంత్రపు ఎండ పడితే ఆ ఎరుపే వేరు. దాని మీద తెల్ల ఆయిల్ పెయింటుతో ఒక ప్రేమ జంట, పక్కనే బాణం గుచ్చిన గుండె! గీస్తే సులువుగా గీత పడని గట్టి రాయి కదా, అందుకే ఇంటి దగ్గరి నుంచే డబ్బా, కుంచె మోసుకొస్తారు కాబోలు. అంత ముందుచూపు తాగిన నీళ్ల సీసా వెనక్కి తీసుకెళ్లడంలో మాత్రం ఉండదు.

మొన్న ఒక పెద్దమనిషి స్పీకరు పెట్టి లోయంతా హోరెత్తించాడు. "కాస్త తగ్గించండి బాబూ" అంటే, "ప్రతిధ్వని బాగా వస్తోందండీ, వినండి" అన్నాడు. జమ్మలమడుగు నుంచి పనిగట్టుకుని పదిహేను కిలోమీటర్లు వచ్చేది ఇందుకా? ఇక అంచు చివర కాళ్లు వేలాడేసి ఫోటోలు దిగేవారిని చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. అక్కడ కంచె లేదు, కింద నీళ్లూ రాళ్లే. వద్దంటే నన్నే వింతగా చూస్తారు.