తెలుగు మాట ఎక్కడ ఇరుకునపడితే అక్కడే బ్రేక్‌పాయింట్

పర్లాకిమిడిలో మా పిన్ని మొన్న ఫోన్‌లో ఒక దరఖాస్తు నింపింది. ఇంగ్లిష్‌లో పేజీ బుద్ధిగానే నిలబడింది. తెలుగు నొక్కిందో లేదో, ‘దరఖాస్తుదారుని’ అన్న మాట గడి దాటి పక్క గడి మీదకెక్కింది. కింద ‘రద్దు చేయండి’, ‘సమర్పించండి’ బటన్లు పక్కపక్కన పట్టక రెండోది ‘సమర్పిం’ దగ్గరే తెగిపోయింది. ‘‘ఇదేటి బాబూ, సగం బటనే ఉంది?’’ అంది పిన్ని.

ఆ పేజీ రాసినవాళ్లకు మీడియా క్వెరీలు, అంటే తెర వెడల్పును బట్టి పేజీ అమరికను మార్చే నియమాలు, తెలియక కాదు. పేజీని ఫోన్ తెర వెడల్పుకే అమర్చమని బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టారు. అదే లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పును దాదాపు 980 పిక్సెళ్లనుకుని మొత్తాన్నీ కుదించేస్తుంది, చిన్న తెర నియమాలు నిద్రలేవవు. 576, 768, 992 పిక్సెళ్ల దగ్గర బ్రేక్‌పాయింట్లూ, అంటే అమరిక మారే వెడల్పు హద్దులూ, ఉన్నాయి. బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ పేజీ సరంజామా వాడేవాళ్లకు ఆ అంకెలు ఎక్కాల్లాగా నోటికొచ్చు. కానీ అవి తెరల కొలతలు. తెరలో కూర్చోవాల్సిన మాటను ఎవరు కొలిచారు? ‘సబ్మిట్’ పట్టిన చోట ‘సమర్పించండి’ ఎలా పడుతుంది?

అందుకే అంటున్నా, బ్రేక్‌పాయింట్‌ను ఫోన్ మోడల్ చూసి పెట్టొద్దు. ముందు ఒకే వరుసలో, ఇరుకు తెరకు పేజీ రాయండి. అందులో అసలైన తెలుగు పొయ్యండి. కంప్యూటర్‌లో బ్రౌజర్ అంచు పట్టుకుని మెల్లగా వెడల్పు చేస్తూ పోండి. రెండు బటన్లూ ఎక్కడ ఇబ్బంది లేకుండా పక్కపక్కన కూర్చుంటాయో అక్కడ మిన్-విడ్త్ (ఆ అమరిక మొదలయ్యే కనీస వెడల్పు) రాయండి. అది 430 అయితే 430, 510 అయితే 510. పిక్సెళ్ల బదులు ఎమ్‌లలో (అక్షరం సైజును బట్టి మారే కొలతలో) రాస్తే ఇంకా మేలు: 48 ఎమ్ అంటే మామూలుగా 768 పిక్సెళ్లు, చూపు తగ్గినాయన బ్రౌజర్ అక్షరాన్ని 16 నుంచి 20కి పెంచుకుంటే అదే 960 అవుతుంది. అక్షరంతోపాటు హద్దూ జరుగుతుంది. పనిలో పనిగా లైన్-హైట్ (వరుస ఎత్తు) కూడా పెంచండి, ‘స్త్రీ’ కింద వేలాడే వత్తులకు కాస్త చోటు కావాలి.

అందరికీ ఒకే అంకెలుంటే జట్టు పని సులువు, పరీక్షించడం తేలిక అంటారు. నిజమే. అయితే ఆ సులువు ఎవరికి?

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా కొట్లాడింది ఇందుకే కదా! జనం నోట ఉన్న మాటను బట్టి రాత ఉండాలన్నాడాయన, రాతను బట్టి జనం నోరు మార్చుకోవాలని కాదు. పరికరాల పట్టికలోని అంకెకు తెలుగును కుదించడం నా దృష్టిలో కొత్త గ్రాంథికమే. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. రాయగడ, బరంపురం, గుణుపురాల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లిష్. తెలుగు పేజీని ఇలా విరగ్గొట్టి వదిలేస్తే చూసేవాళ్లు తగ్గుతారు. రేపు ఆ లెక్కే చూపించి, ఇక్కడ తెలుగు అడిగేవాళ్లే లేరని ఆ మీటే తీసేస్తారు.

పిన్ని ఫోన్‌ను అడ్డంగా తిప్పాను. బటన్ పూర్తిగా కనిపించింది. ఆవిడ అప్పటికే ఇంగ్లిష్‌లోకి మార్చేద్దామని వేలు పైకి పోనిచ్చింది.