ఇళ్లు పెరగాలి, ధరలు మాత్రం తగ్గకూడదా?

ఇళ్ల ధరలు మామూలు జీతగాళ్లకు అందకుండా పోయాయని ఒప్పుకోని ప్రభుత్వం ఈ రోజుల్లో అరుదు. విరుగుడు కూడా అందరూ ఒకటే చెబుతారు: ఇంకా ఇళ్లు కట్టాలి. ‘అంటే ధరలు తగ్గాలంటారా?’ అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. 2025 మేలో కెనడాలో గృహనిర్మాణ శాఖ చేపట్టిన గ్రెగర్ రాబర్ట్‌సన్‌ను విలేకరులు సరిగ్గా ఇదే అడిగారు. తగ్గనక్కర్లేదు, సరఫరా పెరగాలి, మార్కెట్ నిలకడగా ఉండాలి అన్నది ఆయన జవాబు సారాంశం. విమర్శలు వచ్చాయి కానీ, ఆయన పైకి అన్నమాటే చాలా ప్రభుత్వాలు లోపల అనుకుంటాయి. ఇల్లున్నవాళ్లు ఓటర్లు. వాళ్ల ఇళ్లే బ్యాంకులకు తాకట్టు. రిటైరయ్యాక చాలామందికి ఉన్న ఆధారం ఆ ఇల్లే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. గృహ విధానాల్లోని చిక్కుముళ్లలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ముందు ధర ఎక్కడ పెరుగుతోందో చూద్దాం. గోడలూ కప్పూ ఏటా పాతబడతాయి, వాటి విలువ తరుగుతుంది. పెరిగేది వాటి కింద ఉన్న నేల విలువ. నేలను కొత్తగా సృష్టించలేం, నిజమే. కానీ ఒక స్థలంలో ఒక ఇల్లు రావాలా, పన్నెండు రావాలా అన్నది నిర్ణయించేది ప్రకృతి కాదు, కాగితం. బ్రిటన్ 1947లో తెచ్చిన పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంతో స్థలం సొంతం చేసుకోవడం వేరు, దాని మీద కట్టే హక్కు వేరు అయిపోయాయి. అమెరికాలో ఇదే పని జోనింగ్, అంటే ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనలు, చేసింది. చాలా నగరాల్లో నివాస ప్రాంతాల్లో అధిక భాగం, ఒక స్థలానికి ఒక కుటుంబం ఇల్లే ఉండాలన్న నిబంధన కిందికి వెళ్లిపోయింది.

నిబంధనలు అనగానే అంతస్తుల సంఖ్యే గుర్తొస్తుంది. ఎవరూ పట్టించుకోని పార్కింగ్ లెక్క చూడండి. ఒక కారు నిలపడానికి పన్నెండు, పదమూడు చదరపు మీటర్లు చాలు. అది లోపలికి రావడానికి, మలుపు తిరగడానికి దారి కూడా కలిపితే పాతిక నుంచి ముప్ఫై అవుతుంది. ఒక పడకగది ఫ్లాట్ యాభై చదరపు మీటర్లు ఉంటుందనుకుంటే, కారుకు అందులో సగం ఇచ్చినట్టే. ప్రతి ఫ్లాట్‌కూ పార్కింగ్ తప్పనిసరి అన్నచోట, కారు లేనివాళ్లు కూడా ఆ సగానికి ధరలోనో అద్దెలోనో డబ్బు కడుతూనే ఉంటారు. బిల్లులో ఆ పద్దు విడిగా కనబడదు కాబట్టి గొడవ చేసేవారూ ఉండరు.

ఇలాంటి పట్టు సడలించిన చోట ఫలితం కనిపించింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడొంతుల్లో ఇదివరకటి కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చంది. అయిదారేళ్లలో నిర్మాణ అనుమతులు రెట్టింపు దాటాయి. హ్యూస్టన్ నగరం 1998లో నడిబొడ్డు ప్రాంతాల్లో ఒక ఇంటికి కావలసిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు దించింది. ఒక్క ఇల్లున్న స్థలాల్లో మూడేసి ఇళ్లు లేచాయి. జపాన్‌లో జోన్ల రకాలనూ వాటిలో ఏమేం కట్టవచ్చో అన్నదాన్నీ జాతీయ చట్టమే నిర్దేశిస్తుంది. నిబంధనకు లోబడి కట్టేవాడిని పక్కింటివాడు ఆపడం అక్కడ తేలిక కాదు. అందుకే టోక్యోలో ఏటా లక్షకు పైగా ఇళ్ల నిర్మాణం మొదలవుతూ వస్తోంది.

పక్కింటివాళ్ల అభ్యంతరాలన్నీ స్వార్థమేనని కొట్టిపారేయడం సరికాదు. మురుగు పైపు పెంచకుండా అంతస్తులు పెంచితే వీధిలో ఉన్నవాళ్లకే ముందు కంపు కొడుతుంది. అయినా అభ్యంతరాలు వినే సభలో ఒక లోటు ఎప్పుడూ ఉంటుంది. ఆ ఇంట్లోకి రాబోయేవాడికి అక్కడ కుర్చీ ఉండదు. తానే వస్తానని వాడికి కూడా ఇంకా తెలియదు మరి.

ఇక్కడిదాకా చెప్పి ‘నిబంధనలు ఎత్తేయండి, మిగతాది మార్కెట్ చూసుకుంటుంది’ అని ముగించే వ్యాసాలు చాలా ఉన్నాయి. అనుమతి కాగితం ఇల్లు కాదు. దాన్ని ఇల్లుగా మార్చే బిల్డర్ ధర పెరుగుతుంటేనే కడతాడు, పడుతుంటే ఆపేస్తాడు. తప్పు పట్టడానికేమీ లేదు, అది వ్యాపారం. ఇంగ్లండ్‌లో అనుమతి వచ్చిన పెద్ద స్థలాల్లో ఇళ్లు ఎందుకింత నిదానంగా వస్తున్నాయో తేల్చమని ప్రభుత్వం ఎంపీ ఆలివర్ లెట్విన్‌కు అప్పగించింది. 2018లో ఆయన ఇచ్చిన జవాబు సూటిగానే ఉంది: స్థానిక మార్కెట్‌లో ధర దెబ్బతినకుండా ఏడాదికి ఎన్ని అమ్ముడుపోతాయో అంతకు మించి కట్టరు. చౌక ఇళ్లు కావాలని విధానం అంటుంది. ఇళ్లు చౌకయ్యే సూచన కనబడగానే పని ఆపేవాళ్ల చేతిలోనే ఆ బాధ్యత పెడుతుంది.

ఐర్లండ్ ఈ పాఠాన్ని ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2006లో ఆ చిన్న దేశంలో దాదాపు 90 వేల ఇళ్లు పూర్తయ్యాయి. 2008 పతనం తర్వాత కొన్నేళ్లకు ఆ సంఖ్య పదివేల లోపుకు జారింది. 2010లో లెక్కిస్తే సగంలో ఆగిన కాలనీలు 2,800కు పైగా తేలాయి. వాటిలో చాలా వరకు ఉద్యోగాలున్న చోటికి దూరంగా వెలిసినవే. నిర్మాణ సంస్థలు దివాలా తీశాయి, పనివాళ్లు వలసపోయారు. ఆర్థిక వ్యవస్థ కోలుకుని డబ్లిన్‌కు మళ్లీ జనం వచ్చేసరికి, కట్టడానికి మనుషులే లేరు. కట్టే సామర్థ్యం కూడా ఒక రకం సరఫరాయేనని, వాడకపోతే అది చెదిరిపోతుందని ఐర్లండ్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఆక్లండ్‌కూ మినహాయింపు దొరకలేదు. వడ్డీలు పెరిగాక 2023లో అక్కడా అనుమతులు బాగా తగ్గాయి.

ప్రభుత్వాలకు ఇష్టమైన మరో దారి కొనేవారికి సాయం చేయడం. ఇంగ్లండ్‌లో 2013 నుంచి పదేళ్లు నడిచిన ‘హెల్ప్ టు బై’ పథకం కొత్త ఇంటి ధరలో అయిదో వంతు దాకా, లండన్‌లోనైతే తర్వాత అంతకంటే ఎక్కువే, రుణం ఇచ్చింది. అవసరం ఎక్కువున్న ప్రాంతాల్లో సాయం విలువను మించి ధరలు పెరిగాయని 2022లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కమిటీయే చెప్పింది. కొనేవాడి పేరు మీద బిల్డర్‌కు ఇచ్చిన సబ్సిడీ అది. అద్దెల స్తంభనదీ పెద్ద గొప్ప చరిత్ర కాదు. 2020లో బెర్లిన్ ప్రయత్నించింది. అప్పటికే అద్దెకున్నవాళ్లకు ఊరట దక్కింది, ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఖాళీలు కరువయ్యాయి. మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

ధరలు పడినప్పుడూ కట్టే చేయి ఒకటి ఉండాలి. వియన్నా 1923లో ఇళ్ల పన్ను వేసింది. విలాసవంతమైన ఇళ్ల మీద భారం ఎక్కువ పెట్టి, ఆ డబ్బుతో 1934 నాటికి అరవై వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. నేటికీ నగరపాలక సంస్థ చేతిలో దాదాపు 2.2 లక్షల ఫ్లాట్లున్నాయి. జనాభాలో సగం మంది నగరపాలక లేదా సబ్సిడీ ఇళ్లలోనే ఉంటున్నారు. వీళ్లు నిరుపేదలే కారు, మధ్యతరగతి కూడా ఉంది. కాబట్టే ఆ ఇళ్లను ఎవరూ గాలికి వదిలేయలేదు. సింగపూర్ 1960లో గృహ మండలిని పెట్టి, 1966 భూసేకరణ చట్టంతో నేలను తన చేతుల్లోకి తెచ్చుకుంది. ఇవాళ జనంలో సుమారు ఎనభై శాతం ఆ ఫ్లాట్లలోనే ఉన్నారు. అయితే 99 ఏళ్ల లీజు మీద ఇచ్చిన ఆ ఫ్లాట్లను తిరిగి అమ్ముకోనివ్వడంతో అవీ ఆస్తులయ్యాయి. వాటి ధరలు పెరిగితే కొత్త జంటలు, తగ్గితే పెద్దవాళ్లు ఆందోళన పడతారు. కెనడా మంత్రిని అడిగిన ప్రశ్నే అక్కడ ఇంకో రూపంలో ఎదురైంది.

ప్రభుత్వమే కట్టాలన్నంత మాత్రాన ఊరి చివర, బస్సు వెళ్లని చోట వరసగా పెట్టెలు పేర్చమని కాదు. నా లెక్కలో రెండూ కావాలి: నిబంధన పాటిస్తే చాలు, ఎవరి దయా అక్కర్లేకుండా వచ్చే అనుమతి, మార్కెట్ చల్లబడ్డప్పుడు స్థలాలు కొని, బిల్డర్లకు కాంట్రాక్టులిచ్చి, పనివాళ్లు చెదిరిపోకుండా నిలిపే ప్రజా సంస్థ. అనుమతి చేతిలో పెట్టుకుని స్థలాన్ని ఖాళీగా ఉంచితే ఖర్చయ్యేలా నేల విలువ మీద పన్ను కూడా ఉంటే మంచిది.

ఇక మొదట్లో మంత్రిని అడిగిన ప్రశ్న. దానికి భయపెట్టని జవాబు ఒకటి ఉంది. ఇంటి ధర ఏడాది జీతానికి పది రెట్లు ఉందనుకుందాం. ధర పదేళ్లు కదలకుండా ఉండి, జీతాలు ఏటా అయిదు శాతం పెరిగితే అది దాదాపు ఆరు రెట్లకు దిగుతుంది. ఎవరి ఇంటి ధరా రూపాయి తగ్గదు, ఏ బ్యాంకు తాకట్టూ మునగదు. అయితే పెరుగుతుందని నమ్మి అప్పు చేసి మరీ రెండో ఇల్లు కొన్నవాళ్లు ఆ పదేళ్లూ వడ్డీ కట్టి, చివరికి కొన్న ధరకే అమ్ముకోవాలి. ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి, వాళ్లు సంతకం పెట్టకముందే.