మందు అమ్మేవాడే పేపరు పెట్టాలి

తెలుగు పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకుల దగ్గర మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతారు. మొదలుపెట్టాల్సింది సీసా దగ్గర.

1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం తయారుచేశారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టేవారట. పాటకీ తలనొప్పికీ ఉన్న చుట్టరికం ఆయనకు అప్పటికే తెలిసిపోయిందన్నమాట. ఆ మందు అమ్మిన డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. తేదీ కూడా చూసి పెట్టినట్టు ఏప్రిల్ 1. తలనొప్పీ, దానికి మందూ ఒకే ఇంట్లోంచి పంపిణీ చేసే ఇంత పకడ్బందీ వ్యాపారం మళ్లీ ఎవరికీ కుదరలేదు.

మా తాతయ్య ఆ పేపరుకి వీరభక్తుడు. అరుగు మీద కూర్చుని, సీసాలో వేలు ముంచి నుదుటికి రాసుకుని, అదే వేలితో పేజీ తిప్పేవాడు. ప్రతి పేజీ మూలా పసుపుపచ్చ జిడ్డు మరక. నెలాఖరున ఆ పేపర్లు తూకానికి వేస్తే, కొట్లో కట్టిచ్చిన బెల్లం పొట్లం కూడా అదే ఘాటు వాసన. యజమాని ముద్ర పాఠకుడి వంటింటి దాకా రావడమంటే అదీ.

పంతులుగారి తర్వాత పత్రిక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారి చేతికి వచ్చింది. 1991లో ఆగిపోయింది. మందు మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది. జనానికి వార్తలు లేకపోయినా గడుస్తుంది గానీ నుదురు నొప్పెడితే గడవదు కదా.

ఆ తర్వాతివాళ్లూ ఈ సూత్రం వదల్లేదు, సీసాలు మార్చారంతే. 1984లో సినిమా దర్శకుడు దాసరి నారాయణరావు ‘ఉదయం’ దినపత్రిక పెట్టారు. కొన్నేళ్లకు అది మాగుంట సుబ్బరామిరెడ్డి చేతికి వెళ్లింది. ఆయనది మద్యం వ్యాపారం. మళ్లీ మందే, కాకపోతే ఇది నుదుటికి రాసుకునేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, ఈనాడు ఆ ఉద్యమాన్ని భుజానికెత్తుకుంది. ఈనాడు అప్పటి యజమాని రామోజీరావుకి చిట్‌ఫండ్ ఉండేది, పచ్చళ్ల కంపెనీ ఉండేది. అందులో విశాల దృష్టి చూడండి: సారా మానేసినవాడు వేళకి ఇంటికొచ్చి అన్నం తింటాడు, అన్నంలోకి పచ్చడి కావాలి, మిగిలిన డబ్బు చీటీ కట్టాలి. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. ఉదయం మూతపడిందీ ఆ ఏడే. కాకతాళీయమే అనుకుందాం.

ఈ శాస్త్రానికి లొంగనిది ఒక్క ఆంధ్రజ్యోతి. 1960లో విజయవాడలో పుట్టి, 2000లో మూతపడి, 2002లో మళ్లీ లేచింది. లేపినాయన ఒకప్పుడు అందులోనే విలేకరి. జీతం తీసుకున్నవాడే జీతాలివ్వడం! పచ్చడి లేదు, బామ్ లేదు. ఇలాంటివి ప్రోత్సహిస్తే రేపు ప్రతి విలేకరీ యజమాని కుర్చీ వైపే చూస్తాడు.

ఇక పాఠకుడి సంగతి. పేపరు ఎవరిదో అతనికి తెలియాలని 1956లోనే రూలు పెట్టారు. ఏటా ఫిబ్రవరి అయ్యాక వచ్చే మొదటి సంచికలో ఫారం నాలుగు వేసి, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లన్నీ చెప్పాలన్నారు. చెప్పేవారు కూడా, చీమ తలకాయంత అక్షరాల్లో, ఏ టెండరు ప్రకటన పక్కనో. నా విన్నపం ఒక్కటే: ఆ ఫారంలో ‘ఇతర సరుకులు’ అని ఇంకో గడి పెట్టి, ఆ సరుకు శాంపిల్ పేపరుకే అంటించి ఇవ్వాలి. పచ్చడైతే చిన్న ప్యాకెట్టు, సిమెంటైతే గుప్పెడు.

మొన్న మార్చిలో భూతద్దం పెట్టుకుని అలాంటి ఫారం ఒకటి చదవబోయాను. మూడో పేరు దగ్గరికొచ్చేసరికి కణతలు లాగేశాయి. తాతయ్య సీసా ఇంకా బీరువాలోనే ఉంది. మూత తుప్పు పట్టి రావడంలేదు.