తాడు కనిపిస్తే పామే

ఆదివారం అన్నం తిని, పాత గేమ్ ఒకటి ఆడుకుందామని కూర్చున్నా. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కా. ఏమీ లేదు. మళ్లీ నొక్కా. కింద మూలన ఎర్ర డబ్బా: "ముప్పు తొలగించబడింది". ఫోల్డర్ తెరిస్తే గేమ్‌ను నడిపే ఈఎక్స్‌ఈ ఫైలే మాయం! మిగతా 2 జీబీ సరుకంతా అలాగే ఉంది, పెళ్లికొడుకు లేని పెళ్లిపందిరిలా.

నిన్నటిదాకా ఈ గేమూ ఈ యాంటీవైరసూ ఒకే ఇంట్లో చక్కగా కాపురం చేశాయి. రాత్రి అప్‌డేట్ వచ్చింది, తెల్లారేసరికి గేమ్ దాని కళ్లకు ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో దూరే దొంగ) అయిపోయింది. అది పెట్టిన పేరు చివర 'జెన్' (జెనరిక్) అట. అంటే ఫలానా వైరస్ అని కాదు, వాలకం బాగాలేదని! చిన్న డెవలపర్లు సైజు తగ్గించడానికి ఫైలును యూపీఎక్స్ లాంటి ప్యాకర్‌తో కుదిస్తారు. వైరస్‌లు రాసేవాళ్లూ అదే వాడతారు, అదీ వీళ్ల నేరం. పైగా ఫైలు ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకం లేదు. ఆ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి. ఊరికే గేమ్ ఇచ్చేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అనుమానపు ఫైళ్లను యాంటీవైరస్ బంధించే క్వారంటైన్‌లోంచి బయటికి తీశా. అర నిమిషంలో మళ్లీ లోపలేసింది. మినహాయింపు ఇచ్చే సెట్టింగేమో నాలుగు మెనూల అవతల దాక్కుంది. ఈలోగా నాకే అనుమానం, కొంపదీసి నిజంగా వైరసేమోనని. ఒకే ఫైలును బోలెడు యాంటీవైరస్ ఇంజన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో పెట్టి చూశా. అన్ని ఇంజన్లలో మూడే పట్టాయి, అవీ మూడు వేర్వేరు పేర్లతో!

గేమ్ తెరుచుకునేసరికి నాలుగున్నర. టీకి పాలు తెమ్మని కేక వినిపించింది.