ఫిరంగుల కోసం ఖాళీ చేసిన ఊరు

చెన్నపట్నం ఎవరిదన్న వాదన మన తెలుగువాళ్లకు ఇంకా తీరలేదు. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ నేల రాసిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఊరికి పేరైన ఆయన తండ్రి చెన్నప్ప, 1952 డిసెంబరులో రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు... ఎక్కడ మొదలుపెట్టినా మాట 'మదరాసు మనదే' దగ్గరికే చేరుతుంది. నన్నడిగితే ఊరు ఎవరిదని తేల్చడం కంటే, ఊళ్లో ఎవరికెంత జాగా దక్కిందో చూడటం మేలు. ఇక్కడి కట్టడాలకూ, ఇరుగుపొరుగు బతుకులకూ అసలు రూపం ఇచ్చింది ఆ పంపకమే.

ప్యారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ పక్కన ఒక పాత స్తంభం ఉంది. బస్సుల రొదలో దానివైపు ఎవరూ తల తిప్పరు. దానిమీద ఉన్న తేదీ 1773 జనవరి 1. కథ అంతకు ముందుది. 1746లో ఫ్రెంచివాళ్లు ఇంగ్లిషువాళ్ల సెయింట్ జార్జి కోటను పట్టుకున్నారు. మూడేళ్లకు కోట తిరిగి చేతికొచ్చాక, గోడకు ఆనుకుని ఉన్న బ్లాక్ టౌన్, అంటే మనవాళ్లు ఉండే పేట, శత్రువుకు మంచి చాటు అవుతుందని ఇంగ్లిషువాళ్లకు బోధపడింది. ఫ్రెంచివాళ్లు కొంత కూల్చగా మిగిలిన ఊరిని వీళ్లు నేలమట్టం చేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా అందులోనే పోయింది. ఫిరంగి గుండుకు అడ్డు లేకుండా మైదానం చేసి, ఇది దాటి ఇల్లు కట్టకూడదని ఆరు స్తంభాలు పాతారు. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

జనమంతా ఉత్తరంగా ముత్యాలపేటకూ పెద్దనాయకన్‌పేటకూ సర్దుకున్నారు. గుడి మళ్లీ పూలబజారు దగ్గర లేచింది. ఆ పేటల్లో వీధులు అప్పటికే కులాల లెక్కన ఉండేవి. కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలుగా చీలిన కులాల మధ్య తగవు ముదిరితే 1707లో గవర్నరు థామస్ పిట్ చెరొక పేట కేటాయించి చేతులు దులుపుకున్నాడు. కొత్తగా వచ్చిపడ్డ జనంతో ఇరుకు పెరిగింది. ఇళ్లకు వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవెక్కువ. ముందు అరుగు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, పైన దూలాల మీద చిన్న ఇటుకలను అంచుమీద నిలబెట్టి సున్నంతో అతికిన మద్రాసు టెర్రస్. బేరమూ, పెళ్లి మాటలూ, పంచాయితీ అన్నీ అరుగుమీదే. ఈ ఊరి చుట్టూ 1770 ప్రాంతంలో గోడ కూడా కట్టి, ఖర్చు జనం దగ్గరే పన్నుగా రాబట్టుదామనుకున్నారు. పన్ను వసూలు కాలేదంటారు గానీ, వాల్‌టాక్స్ రోడ్డు మాత్రం అలాగే ఉంది.

ఖాళీ చేసిన మైదానం ఏమైంది? వందేళ్లకు ఫిరంగుల భయం పోయింది. కూల్చిన ఇళ్ల జాగా ఇళ్లకు తిరిగి రాలేదు. 1892లో అక్కడ ఎర్ర ఇటుకల హైకోర్టు లేచింది. గుమ్మటాల్లో ఒకదాని మీద లైట్‌హౌస్ కూడా పెట్టారు, న్యాయానికీ ఓడలకూ ఒకే మేడ! పక్కనే లా కాలేజీ భవనం. దాన్ని కట్టిన కాంట్రాక్టరు మనవాడే, తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఎగ్మూరులో కానెమరా లైబ్రరీ కూడా ఆయన చేతిదే. ఇండో సారసెనిక్ శైలి అంటూ వాస్తుశిల్పులు ఇర్విన్, చిషోమ్ పేర్లే చెబుతాం, ఇటుక కాల్పించినవాళ్లను అడగం.

డబ్బున్నవాళ్లు ఇరుకులోంచి తోట బంగళాలకు వెళ్లారు. తర్వాత మధ్యతరగతికి జాగా కావాల్సి వచ్చింది. దానికోసం 1920లలో మాంబళం దగ్గర లాంగ్ ట్యాంక్‌ను ఎండగట్టి టి.నగర్ (త్యాగరాయనగర్) వేశారు. జస్టిస్ పార్టీ నాయకుల్లో పిట్టి త్యాగరాయ చెట్టి పేరు ఊరికి, పానగల్ రాజా పేరు పార్కుకు. ఇద్దరూ తెలుగువాళ్లేనని మురిసిపోతాం, పెద్ద వాన పడితే అక్కడ మోకాలి లోతు నీళ్లు ఎందుకు నిలుస్తాయో మాత్రం కార్పొరేషన్‌ను తిట్టి ఊరుకుంటాం. అది చెరువు.

ఈ నగరంలో తెలుగు మాట్లాడే ఇంకో వర్గం ఉంది. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి తరాల కిందట వచ్చి వీధులు ఊడ్చే పనిలో కుదిరిన దళిత కుటుంబాలు. 'మదరాసు మనదే' అన్నప్పుడు ఆ 'మన'లో వాళ్లను కలిపినవాళ్లు తక్కువ. వాళ్లలాంటి పేదలకు దక్కింది కూవం నది, బకింగ్‌హాం కాలువ గట్లు. 1970లో ఏర్పడ్డ మురికివాడల నిర్మూలన బోర్డు మొదట్లో చాలాచోట్ల గుడిసెలున్న చోటే మేడలు కట్టి ఇచ్చింది. 2000 నుంచి ఊరికి దూరంగా కణ్ణగి నగర్‌కూ, ఆపైన పెరుంబాక్కానికీ తరలింపులు మొదలయ్యాయి. ఇప్పుడు చెప్పే కారణం వరద. కారణం అబద్ధమని అనను. కానీ అదే నీళ్ల దారుల్లో కట్టిన పెద్ద భవనాల జోలికి ఎవరూ పోవడం లేదు. ఉన్నచోటే ఇళ్లు కట్టడం బోర్డుకు తెలియని పనేమీ కాదు, ఈలోగా ఆ జాగాకు ధర పలకడం మొదలైంది.